గంజాం సీమలో తాలింఖానాలు

ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసినదిగా సంఘం కార్యవర్గంవారు మమ్ము కోరినారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, శాసనాలు మనసుకు వస్తాయి. వాటిని గురించి సాధికారంగా వ్రాయగల పెద్దలు మన మధ్యనే ఉన్నారు. మేము మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వే గుమాస్తా కొలువులో ప్రవేశించినవారము. టిక్కెట్టు, పార్సిలు, వేబిల్లు, ఇవే మాకు తెలిసిన శాసనాలు. కాబట్టి పండితుల జోలికి పోక, ఈ గంజాం సీమలో మనవారూ ఒరియావారూ కలిసి చెమటోడ్చిన స్థలాలను గురించి, అనగా తాలింఖానాలను గురించి, తెలిసిన నాలుగు మాటలు పాఠక సోదరసోదరీమణులకు విన్నవించుకుంటున్నాము.

విషయం గంజాందే. అయినా ముందుగా ఒక్కసారి మంచుదేశాలకు పోయి రావలసి ఉన్నది.

యూరపు ఖండానికి ఉత్తరాన నార్వే, స్వీడన్ అనే దేశాలున్నవి. అక్కడ చాలచోట్ల ఏటా నెలల తరబడి నేలంతా మంచే. ఆ మంచులో కాలు దిగబడకుండా ఉండటానికి అక్కడివారు పొడుగాటి సన్నని చెక్కలు పాదాలకు తగిలించుకొని, రెండు చేతులా రెండు కర్రలు పట్టి, జారుతూ సాగిపోతారు. వాటిని స్కీలు అంటారు. కొండమీదనుండి క్రిందికి వేగంగా జారటం ఒక ఆట. అడవులు, పొలాలు, గుట్టలు దాటుకుంటూ మైళ్ళ తరబడి పోవటం మరొక ఆట. ఈ రెండవది ఓపికకు సంబంధించినది. నార్వేలో త్రిసిల్ అనే చోట 1861లోనే ఇందుకొక క్లబ్బు ఏర్పడినది. స్వీడన్‌లో 1922లో మొదలైన ఒక పందెంలో సేలెన్ నుండి మోరా వరకు 90 కిలోమీటర్లు పోవాలి. అంటే మన బరంపురంలో బయలుదేరి పలాస దాటి పోయేంత దూరం. ఆ పందెం నేటికీ జరుగుతున్నది.

ఈ క్లబ్బులవారు మంచు పడిన తరువాత తలుపు తెరవరు. వేసవిలోనే కర్రలు చేతబట్టి గుట్టలెక్కి పరుగెత్తుతారు. చెక్కలకు చక్రాలు బిగించి తారురోడ్డు మీద సాధన చేస్తారు. ఆకు రాలే కాలంలో బాటకు అడ్డంగా పడిన కొమ్మలు నరికి దారి బాగుచేసుకుంటారు. చెక్కలు సరిచూసుకొని, ఏ చలికి ఏ మైనం పూయాలో సిద్ధం చేసుకుంటారు. ఇదంతా అయిన తరువాత మంచు పడుతుంది. అప్పుడు చూడవచ్చిన జనానికి పరుగు మాత్రమే కనబడుతుంది. ఆ పరుగు వెనుక ఉన్న ఆరు నెలలు కనబడవు.

మనకు మంచు అంటే దారింగబాడి కొండల మీద మాఘమాసపు తెల్లవారుజామున గడ్డిపై కనిపించేదే. స్కీలతో మనకేమి పని అని చదువరులు అడుగవచ్చును. పని ఉన్నది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వరాదని మన పెద్దలు అననే అన్నారు. ఋతువులో కనబడే ఫలానికి ఋతువుకు ముందు చేసిన కృషే మూలం. గంజాం తాలింఖానాల చరిత్ర అంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమని మా అభిప్రాయం.

గరిడి, గోదా, అఖాడా

వ్యాయామం చేసే స్థలానికి మనకు పేర్లు చాలా ఉన్నవి. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలలో గరిడి అంటారు. సాము గరిడీలు అనే జంటమాట అందరికీ తెలిసినదే. తాలింఖానా అనేది హిందూస్తానీ నుండి వచ్చినది; తాలిం అనగా శిక్షణ. కుస్తీ పట్టే మెత్తని మట్టి స్థలం గోదా. ఒరియావారు అఖాడా అంటారు. పురీలో సాహీ సాహీకి ఉండే వ్యాయామశాలలను జాగాఘరాలు అంటారు. పేరు ఏదైనా లోపల ఉండే సామగ్రి ఒక్కటే. గోడకు ఆంజనేయస్వామి, మూలన కర్రగదలు, రాతి సంగిడీలు, మధ్య గోదా. హనుమంతునికి తెలుగు, ఒరియా అనే భేదం లేదు. ఎవరి భాషలో మొక్కినా ఆయన వింటాడు.

ఈ శాలలకు కూడా ఒక పంచాంగం ఉండేది. దసరా నుండి చైత్రం వరకు జనం చూసే కాలం. విజయదశమినాడు కర్రసాము, కత్తిసాము. సంక్రాంతికి ఊళ్ళలో సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు. చైత్రంలో అమ్మవారి జాతరలు, వేషాలు. కాని గురువు లెక్కలో అసలు కాలం అంతకు ముందే మొదలయ్యేది. వానలు వెలసిన తరువాత గోదా మట్టిని తిరగత్రవ్వి, రాళ్ళు ఏరి, జల్లించేవారు. అందులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి, వేపాకు వేసి మగ్గనిచ్చేవారు. పసుపు, వేప పుండ్లు పడకుండా కాపాడతాయి. నూనె, మజ్జిగ మట్టిని మెత్తగా ఉంచుతాయి. కర్రగదలకు నూనె పట్టించి పగుళ్ళు చూసేవారు. ఇది వస్తువుల సిద్ధం.

దేహం సిద్ధం కావటం మరింత నిదానం. కొత్తగా చేరిన కుర్రవానికి మొదటి రోజునే ఎవరూ రాయి చేతికివ్వరు. మట్టిని కళ్ళకద్దుకొని, గురువుకు నమస్కరించి, దండీలు, బస్కీలు తీయటంతోనే అతనికి నెలలు గడిచిపోయేవి. పది నుండి ఇరవై, ఇరవై నుండి యాభై, అలా సంఖ్య పెరగాలి. తరువాత గద త్రిప్పటం, ఆ తరువాత కుస్తీ పట్టులు, చివరకు సంగిడి. తిండి కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రాత్రి నానబెట్టిన సెనగలు, రాగి అంబలి, చద్దన్నం, దొరికితే పాలు. చద్దన్నాన్ని మన పొరుగువారు పఖాళ అంటారు. ఇద్దరి కంచంలోనూ ఉన్నది అదే.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్లు, తాలింఖానా చేర్చుకున్నది ఎక్కువగా పది పన్నెండేళ్ళ పిల్లలనే. నేతపనివారి పిల్లలు, కూలీల పిల్లలు, దుకాణదారుల పిల్లలు ఒకే గోదాలో దొర్లినారు. ఒంటికి మట్టి అంటిన తరువాత ఎవరు ఏ ఇంటివారో గుర్తుపట్టటం కష్టం. ఇది చిన్న విషయంగా కనబడవచ్చును గాని, తరువాత వచ్చిన రోజులకు ఇదే ఆధారమైనది.

కలియుగ భీముడు

ఈ ప్రాంతాల తాలింఖానాల కీర్తిని సముద్రాలు దాటించినవారు కోడి రామమూర్తి నాయుడుగారు. వారి జన్మస్థలం వీరఘట్టం. అది నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. చిన్ననాడే గరిడిలో చేరి, పెద్దవారై వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినారు. పిమ్మట సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతటా ప్రదర్శనలిచ్చినారు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి బిగబట్టి దానిని తెంపేవారు. రెండు మోటారు కార్లను రెండు వైపులకు లాగకుండా గొలుసులతో పట్టి నిలిపేవారు. రొమ్ముమీద బల్ల వేయించుకొని ఏనుగును నిలబెట్టించుకునేవారు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చినారు. జనం వారిని కలియుగ భీముడన్నారు, ఇంగ్లీషువారు ఇండియన్ హెర్క్యులీజ్ అన్నారు.

ఇక్కడ గమనించవలసినది ఏనుగును కాదు, ఊపిరిని. రామమూర్తిగారు బలం కండలో ఉన్నదనేవారు కారు. ప్రాణాయామం, మితాహారం, శాకాహారం, నియమం తప్పని సాధన అనేవారు. ఏనుగు రొమ్ముమీద నిలబడేది కొద్ది క్షణాలు. ఆ కొద్ది క్షణాల కొరకు ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం ఊపిరి కట్టి విడవటం ఎవరూ టిక్కెట్టు కొని చూడలేదు.

వారి జీవితంలో మన ఒడిశా తెలుగువారికి దగ్గరైన సంగతి ఒకటి ఉన్నది. అవసాన దశలో వారికి ఆశ్రయమిచ్చినది ఆనాటి పాట్నా సంస్థానం. దాని రాజధాని బలంగీరులో వారు 1942 జనవరిలో కన్నుమూసినారు. పుట్టినది తెలుగు గడ్డమీద, ఒరిగినది ఒరియా గడ్డమీద. శ్రీకాకుళం పట్టణంలో వారి పేరిట క్రీడామైదానం ఉన్నది. విశాఖపట్నం సముద్రతీరాన విగ్రహం ఉన్నది.

హద్దు నడిచి వచ్చిన రోజు

పాత గంజాం జిల్లా మదరాసు రాజధానికి ఉత్తరపు కొస. ఛత్రపురం జిల్లాకు ముఖ్యస్థలం, బరంపురం పెద్ద పట్టణం. 1893 నుండి 1896 వరకు బెజవాడ, కటకముల మధ్య రైలుమార్గం వేసినప్పుడు ఈ పట్టణం అటు చెన్నపట్నానికీ, ఇటు కలకత్తాకూ దగ్గరైనది. కోర్టులోను, బజారులోను, బడిలోను రెండు భాషలూ వినిపించేవి. మన రాష్ట్రపతిగా పనిచేసిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో పుట్టినది ఈ బరంపురంలోనే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. జిల్లా రెండుగా చీలినది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పట్టణం అటు చేరినవి. ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం మదరాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిసినవి. అవే తరువాత 1950లో శ్రీకాకుళం జిల్లా అయినవి. ఒరియా సోదరులు తమ భాషకొక రాష్ట్రం కావాలని ఎన్నో ఏళ్ళు పోరాడి సాధించుకున్నారు. అది వారి న్యాయమైన కోరిక. పదిహేడేళ్ళ తరువాత, 1953లో, మనమూ అదే కారణంతో ఆంధ్ర రాష్ట్రం సంపాదించుకున్నాము. కాని హద్దుకు అటూ ఇటూ మిగిలిపోయిన కుటుంబాల బాధ మాత్రం నిజమైనది. పర్లాకిమిడిలో పంతులుగా ఉండి వాడుకభాష కొరకు పోరాడిన గిడుగు రామమూర్తిగారు ఆ 1936లోనే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు.

మన సంఘంలో నేడు రెండు విధాల కుటుంబాలున్నవి. మావంటివారు రైలెక్కి ఉద్యోగం కొరకు వచ్చినవారు. రెండవవారు ఎక్కడికీ కదలనే లేదు. హద్దే వారి ఇంటి ముందుగా నడిచిపోయినది. మమ్ము వలసవారంటే సరిపోతుంది. వారిని ఏమనాలో మాకు నేటికీ తెలియదు.

బడులలో, కచేరీలలో భాష మారినది. నౌకరీకి ఒరియా వచ్చునా అని అడగటం మొదలైనది. అడగటం సబబే. కాని గోదా ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. ఒక, రెండు, మూడు అని లెక్కపెట్టినా, ఏక్, దుయి, తిని అని లెక్కపెట్టినా బస్కీ బస్కీయే. తెలుగు గురువుకు ఒరియా శిష్యుడు, ఒరియా గురువుకు తెలుగు శిష్యుడు ఉండటం ఎవరికీ వింత కాలేదు. పదేళ్ళ వయసులో ఒకే మట్టిలో దొర్లినవారికి ముప్ఫైయేళ్ళ వయసులో గోడ కట్టటం సులభం కాదు. స్నేహానికి కూడా ఋతువుకు ముందటి సాధన అవసరమని ఇందువలన తెలుస్తున్నది.

అమ్మవారి జాతర

ఈ మాటకు సాక్ష్యం కావాలంటే బరంపురం బుఢీ ఠాకురాణి యాత్ర చూడవలెను. రెండేళ్ళకొకసారి, చైత్రమాసంలో, వారాల తరబడి జరిగే జాతర ఇది. అమ్మవారు గుడి విడిచి దేశీబెహరా వీధికి, అనగా పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివారు తెలుగు పట్టునేతవారు. రాజమహేంద్రవరం ప్రాంతంనుండి మహురీ రాజుల ఆహ్వానంపై తమ పూర్వులు వచ్చినారని వారి పెద్దలు చెప్పుకుంటారు. వలస వచ్చినవారి ఇల్లు ఊరి అమ్మవారికి పుట్టిల్లు కావటంకంటె గౌరవం వేరొకటి ఉన్నదా!

ఈ యాత్రలో మ్రొక్కుకున్నవారు రకరకాల వేషాలు వేస్తారు. వాటిలో బాఘనాచ, అనగా పులివేషం, చూడదగినది. ఒళ్ళంతా పసుపు రంగు పూసి, నల్లచారలు దిద్ది, తోక తగిలించుకొని, డోలు దెబ్బకు సరిగా ఎండలో నడివీధిని గెంతుతారు. మన దసరా పులివేషానికి ఇది తోబుట్టువే. చైత్రపు ఎండలో, ఉపవాసంతో, గంటల తరబడి వంగి నడిచి లేచి దూకాలంటే తొడలలో బలం ఉండాలి. ఆ బలం రంగు డబ్బాలో దొరకదు. తాలింఖానా బస్కీలలో దొరుకుతుంది.

రాయి పోయి ఇనుము వచ్చినది

స్వాతంత్ర్యం తరువాత తాలింఖానాల రూపు మారినది. సంగిడి రాయి స్థానంలో ఇనుప కడ్డీ, బిళ్ళలు వచ్చినవి. మొదట్లో కొనే స్తోమతు లేక, చిన్న ఊళ్ళలో సిమెంటుతో బిళ్ళలు పోతపోసి, ఏ ఇరుసు దొరికితే అది గ్రుచ్చి ఎత్తినవారు ఉన్నారు. ఆ ఇరుసులు ఎక్కడివని మాత్రం రైల్వే గుమాస్తాను అడగరాదు.

తెలియనివారి కొరకు ఈ పోటీ సంగతి కొంచెం చెబుతాము. 1972 వరకు ఇందులో మూడు పద్ధతులుండేవి. ఆ ఏటి మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత ఒకటి తీసివేసి రెండు ఉంచినారు. మొదటిది స్నాచ్, నేలమీది కడ్డీని ఒక్క ఊపున తలపైకి ఎత్తాలి. రెండవది క్లీన్ అండ్ జెర్క్; ముందు భుజాలకు, అక్కడ నిలద్రొక్కుకొని తలపైకి. ఒక్కొక్క దానికి మూడు అవకాశాలు. పేరు పిలిచిన తరువాత ఒక్క నిమిషం గడువు. ముగ్గురు న్యాయనిర్ణేతలు తెల్ల దీపమో, ఎర్ర దీపమో వేస్తారు. రెండు తెల్లవైతే ఎత్తినట్లు లెక్క. మగవారి కడ్డీ బరువు 20 కిలోలు, ఆడవారిది 15. బిళ్ళలకు రంగులుంటవి, ఎర్రది 25, నీలిది 20, పచ్చనిది 15, ఆకుపచ్చది 10 కిలోలు.

ఈ ఆరు అవకాశాలు కలిపినా మనిషి బరువు మోసేది కొద్ది క్షణాలు. దానికి సిద్ధం కావటం నెలల పని. మొదటి వారాలలో తేలిక బరువులు, ఎక్కువ సార్లు. తరువాత బరువు పెరిగేకొద్దీ సార్లు తగ్గుతాయి. పోటీ దగ్గర పడినప్పుడు సాధనే తగ్గించి దేహానికి విశ్రాంతి ఇస్తారు. తనకు చెందిన తరగతికి మించకుండా ఒంటి బరువు కాపాడుకోవటం వేరొక తపస్సు. పాత గురువుగారు పది, ఇరవై, యాభై అని బస్కీలు పెంచిన లెక్కకూ దీనికీ సూత్రం ఒక్కటే.

మా రైలుమార్గం మీదనే ఆముదాలవలస స్టేషనున్నది. శ్రీకాకుళం రోడ్డు అంటే అదే. దాని దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరిగారు 1994, 1995లలో ప్రపంచ పోటీలలో బంగారు పతకాలు గెలిచినారు. ఆడవారికి బరువులెత్తే పోటీని ఒలింపిక్స్‌లో మొదటిసారిగా పెట్టినది 2000లో, సిడ్నీలో. ఆ పోటీలో ఆమె 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, రెండవది 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చినారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. తండ్రిగారు రైల్వే రక్షక దళంలో కానిస్టేబులు. మన క్వార్టర్లవంటి క్వార్టర్లే, మన జీతంవంటి జీతమే. విజయనగరం దగ్గర కొండవెలగాడ అనే పల్లెకు బరువులెత్తేవారి ఊరని పేరు వచ్చినది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో పతకం సాధించినది.

ఇక మన బరంపురం. ఇక్కడి వీర హనుమాన్ క్లబ్బు పేరు వినని క్రీడాభిమాని ఈ పట్టణంలో ఉండడు. పేరులోనే పాత తాలింఖానా స్వామి ఉన్నాడు. అక్కడ సాధన ప్రారంభించిన కటులు రవికుమార్ 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో 69 కిలోల తరగతిలో స్నాచ్ 146, రెండవది 175, మొత్తం 321 కిలోలెత్తి బంగారు పతకం గెలిచినాడు. అనగా తన ఒంటి బరువుకు రెండున్నర రెట్లు తలపైన నిలిపినాడన్నమాట. 2012లో లండను ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల తరగతిలో వెండి పతకం తెచ్చినాడు. ఇంటిపేరు వినగానే మన చెవులు నిక్కుతాయి. కాని పతకం వచ్చిననాడు బరంపురమంతా మనవాడన్నది. అది సరియైన మాట.

శీతకాలపు పరీక్ష

నార్వేవారికి శీతకాలం మంచుతో వస్తే, మనకు తుపానులతో వస్తుంది. అక్టోబరు, నవంబరు వచ్చినవంటే గోపాలపురం సముద్రం వైపు అందరి చూపూ ఉంటుంది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుపానులో పదివేలమంది దాకా చనిపోయినారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాలపురం దగ్గరనే తీరం దాటినది. ఈదురుగాలి సామాన్యమైనది కాదు. కాని అంతకు ముందే పది లక్షలమంది వరకు సురక్షిత స్థలాలకు చేర్చటం వలన ప్రాణనష్టం పదుల సంఖ్యలో ఆగినది. మధ్య పద్నాలుగేళ్ళలో కట్టిన ఆశ్రయ భవనాలు, ఊరూరా ఇచ్చిన శిక్షణ, మరల మరల చేయించిన అభ్యాసం దీనికి కారణం. ఎండ కాసే రోజున తుపాను అభ్యాసం చేయించినప్పుడు నవ్వినవారు ఉండే ఉంటారు. ఆ రాత్రి ఎవరూ నవ్వలేదు.

వలసవారి క్లబ్బు

మళ్ళీ ఒక్కసారి మంచుదేశపువారి దగ్గరకు పోదాము. 19వ శతాబ్దంలో నార్వేనుండి లక్షలమంది అమెరికా వలసపోయినారు. మన వారు ఖరగ్‌పూరు, జట్నీ రైల్వే కాలనీలకు పోయినట్లే, వారు గనులున్న చోటికి, పొలాలు దొరికిన చోటికి పోయినారు. మిషిగన్ రాష్ట్రంలో ఇష్‌పెమింగ్ అనే ఇనుపగనుల ఊరున్నది. అక్కడ వారు 1887లో స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. ఆ క్లబ్బులోని కార్ల్ టెలెఫ్‌సెన్ అనే నార్వేవాని చొరవతో 1905లో అమెరికా అంతటికీ స్కీ సంఘం ఏర్పడినది. వలసవారు తమతో తెచ్చుకున్న ఆట కొత్త దేశానికి సొంత ఆట అయినది. ఏడాదికొక్కరోజు జాతీయ దుస్తులు వేసుకొని పాత పాటలు పాడినంత మాత్రాన ఇది జరగలేదు. గనిలో పని ముగించుకొని వచ్చి, మంచు పడకముందే గుట్ట సాపుచేసుకున్నారు కాబట్టి జరిగినది.

ఇప్పుడు మన సంగతి. మన సంఘంవారు ఉగాదినాడు ఎంత చక్కగా పండుగ చేస్తారో అందరికీ తెలుసు. పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల నాటిక, పెద్దల పద్యాలు, ఏ లోటూ ఉండదు. కాని ఆ నాటికలో కొందరు పిల్లలు తమ మాటలను ఒరియా లిపిలోనో, ఇంగ్లీషు లిపిలోనో వ్రాసుకొని బట్టీపడుతున్నారు. ఆ పిల్లల తప్పు ఏమీ లేదు. పదకొండు నెలలు గోదా తవ్వకుండా పన్నెండవ నెలలో కుస్తీ పెడితే ఎవరైనా అంతే చేస్తారు. దేహాల సంగతీ అంతే. సాయంత్రమైతే చేతిలో ఫోను, కంటికి అద్దాలు, మెట్లెక్కితే ఆయాసం.

కాబట్టి మాకు తోచిన చిన్న సూచన ఒకటి కార్యవర్గంవారి ముందు పెడుతున్నాము. పండుగ ఖర్చులో కొంత మిగిల్చి ఒక కడ్డీ, కొన్ని బిళ్ళలు, నాలుగు కర్రలు కొనవచ్చును. సభ్యులలో ఎవరి పెరటిలోనైనా కాస్త ఖాళీ స్థలం దొరకకపోదు. వారానికి రెండు సాయంత్రాలు మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి గంటసేపు వ్యాయామం చేయాలి. ఊసవానిపేట పిల్ల చేయగలిగినది మన ఇంటి పిల్ల ఎందుకు చేయలేదు? నేర్పటానికి ఈ పట్టణంలో అనుభవజ్ఞులకు కొదువ లేదు. ఆ గురువు ఒరియావారైతే మరీ మంచిది. మన పెద్దలు నడిచిన దారి అదే. పొరుగు పిల్లలు వస్తామంటే వారినీ రానివ్వాలి. వ్యాయామం ముగిసిన తరువాత చెమట ఆరేలోగా అరగంట తెలుగు చదువు. పిల్లలు లెక్కపెట్టటం తెలుగులో మొదలుపెట్టినా చాలు. ఒకటి నుండి యాభై దాకా బస్కీలు తీసిన పిల్లవాడు తెలుగు అంకెలు జన్మలో మరువడు.

దీనివలన అందరూ పతకాలు తెస్తారని మేము అనటం లేదు. వేయిమంది దండీలు తీస్తే ఒక్కరు ఢిల్లీకి పోతారు. తక్కిన తొమ్మిదివందల తొంభైతొమ్మిదిమంది ఆరోగ్యంగా, స్నేహంగా, తలెత్తుకొని ఈ ఊళ్ళో బ్రతుకుతారు. తాలింఖానా చరిత్రలో పేర్లు లేని ఆ తక్కినవారే ఎక్కువ. వారివలననే గంజాంలో రెండు భాషలు ఒకే మట్టిలో నిలిచినవి.

వచ్చే ఉగాదికి ఇంకా పన్నెండు నెలలున్నవి. సాధనకు అది చాలినంత కాలం. పెద్దలు ఆశీర్వదించి, తల్లులు సెనగలు నానబెట్టి, పిల్లలను పంపవలసినదిగా ప్రార్థిస్తున్నాము. సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ, ఇరుగుపొరుగు ఒరియా సోదరులకూ ఈ నూతన సంవత్సరం ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.